చిఱుతపులుల అంకెలు, జింకల మందలు

2024వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన కేంద్ర ప్రభుత్వము ‘భారతదేశమున చిఱుతపులుల స్థితి – 2022’ అను నివేదికను వెలువరించినది. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, దెహ్రాదూనులోని భారత వన్యప్రాణి సంస్థ, రాష్ట్రముల అటవీ శాఖలు కలిసి చేసిన పని యిది. దేశమున చిఱుతపులులు 13,874 అని అందలి ముఖ్యమైన అంకె. తెలంగాణమునకు వచ్చిన వంతు 297. దీనికి ముందు నివేదికలో, అనగా 2018 నాటి లెక్కలో, తెలంగాణపు అంకె 334. రెండింటిని ఒకదాని క్రింద నొకటి వ్రాసి తీసివేసినచో 37 వచ్చును. నాలుగేండ్లలో మన రాష్ట్రమున 37 చిఱుతలు నశించినవని చెప్పుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు. ఆ మాట వెనువెంటనే మఱియొక మాటయు పుట్టును: చిఱుతలు తగ్గినవి కావున జింకలు పెరుగును, పంటలకు చేటు వచ్చును అని. ఇంకొకరు దీనిని తలక్రిందులు చేసి, అడవిలో జింకలు కానరాకుండుటకు చిఱుతలే కారణమందురు.

ఈ మూడు మాటలలో ఒకటియు ఆ నివేదిక చెప్పినది కాదు. నివేదిక వెనుక జరిగిన పని సామాన్యమైనది కాదని ముందుగా ఒప్పుకొనవలెను. 20 రాష్ట్రములలో 6,41,449 కిలోమీటర్లు కాలినడకన తిరిగి ఆనవాళ్ళు వెదకిరి. 32,803 చోట్ల కెమెరాలు అమర్చిరి. వచ్చిన నాలుగు కోట్ల డెబ్బది లక్షలకు పైబడిన ఛాయాచిత్రములలో చిఱుతలవి 85,488. ఇంత శ్రమకు ఫలమైన అంకెను తప్పుగా చదువుట విచారకరమే. అయితే ఆ తప్పు చదువునకు ప్రభుత్వపు ప్రకటనయు కొంత దారి యిచ్చినది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రముల అంకెలను పేర్కొనుచు ఒక్కొక్క దాని ప్రక్క 2018 నాటి అంకెను జతపఱచి, రెండింటి దోషావధులను మాత్రము అది విడిచిపెట్టినది. చదువరి తీసివేత చేయక మఱేమి చేయును?

తీసివేతలోని చిక్కులు

13,874 అనునది ఒంటరిగా నిలిచిన అంకె కాదు. దాని వెంట 12,616 నుండి 15,132 వఱకు అను అవధి కలదు. అట్లే 2018 నాటి 12,852నకు 12,172 నుండి 13,535 వఱకు అవధి కలదు. నిజమైన సంఖ్య ఆ అవధిలో ఎచ్చటనైన ఉండవచ్చునని దాని భావము. వెలుపల ఉండుటయు అసంభవము కాదు. రెండు అవధులను ఒకే గీతపై గుర్తించి చూచినచో, 12,616 మొదలు 13,535 వఱకు అవి ఒకదానిపై నొకటి పడును. కావున ఈ నాలుగేండ్లలో దేశమంతట చిఱుతలు పెరిగినవో, ఉన్నట్లే ఉన్నవో ఈ రెండంకెలను బట్టి మాత్రమే గట్టిగా చెప్పుటకు వీలు లేదు. దేశము మొత్తమునకే ఇట్లున్నప్పుడు, మూడు వందలు గల ఒక రాష్ట్రము విషయమున సందిగ్ధత ఇంకను ఎక్కువ. చూచిన జంతువులు తక్కువైన కొలది అంచనాలోని దోషపు పాలు పెరుగుట గణాంకశాస్త్రమున సామాన్య విషయము.

తెలంగాణపు అంకె విషయమున వేఱొక విశేషమును కలదు. ఆంధ్రప్రదేశమునకు 2018లో 492, 2022లో 569 అని లెక్క వచ్చినది. రెండు రాష్ట్రములను కలిపి చూచినచో 826, 866. అనగా 37 తగ్గుట కాదు, 40 పెరుగుట. 2014 జూను 2వ తేదీకి పూర్వము ఈ రెండును ఒకే రాష్ట్రము. నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము అంతవఱకు ఒక్కటిగా ఉండి, విభజన పిమ్మట కృష్ణకు ఉత్తరమున నున్న భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. దేశములోని పులుల అభయారణ్యములలో చిఱుతలు అన్నిటికంటె ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశమునకు మిగిలిన ఆ నాగార్జునసాగర్–శ్రీశైలము భాగముననే యని ఈ నివేదికయే చెప్పుచున్నది. రెండు రాష్ట్రముల చిఱుతలన్నియు నల్లమలలోనివే కావు, నిజమే. కాని ఒక అడవికి నడుమ పారు నదిని సరిహద్దు చేసి, ఒక ఒడ్డున క్షయమనియు రెండవ ఒడ్డున వృద్ధియనియు రెండు వార్తలు తయారు చేసికొనుట పరిపాలనకు పనికివచ్చునేమో గాని జీవశాస్త్రమునకు పనికిరాదు.

మూడవ చిక్కు వెదకిన నేలను గూర్చినది. దేశపు మొత్తము 1,022 పెరిగినది. అది సుమారు నూటికి 8 పాళ్ళు. అయితే 2018లోను 2022లోను రెండు పర్యాయములును పరిశీలించిన ప్రాంతములను మాత్రమే పోల్చినచో వృద్ధి ఏటికి 1.08 పాళ్ళని ప్రకటనయే తెలుపుచున్నది. నాలుగేండ్లకు అది నూటికి నాలుగున్నర పాళ్ళకు మించదు. మిగిలిన పెరుగుదల ఎచ్చటి నుండి వచ్చినది? మునుపు చూడని చోట చూచుట వలన. ఈశాన్యపు కొండలలో 141 ఉన్న అంకె 349 అయినది. నాలుగేండ్లలో రెండున్నర రెట్లు పెరుగుట చిఱుతల సంతానశక్తికి మించిన పని; అచ్చట పెరిగినవి చిఱుతల కంటె కెమెరాలే యనుట యుక్తము. 2014లో దేశపు అంకె 7,910. అది 2018లో 12,852 అయినప్పుడు నూటికి 60 పాళ్ళు వృద్ధి యని ఘనముగా చాటిరి. ఏటికి 13 పాళ్ళ చొప్పున పెరుగుచున్న జంతువు ఆ వెనుక ఏటికి ఒక పాలునకు దిగిపోయినదని నమ్మవలెనా, లేక మొదటి వృద్ధిలో చాల భాగము లెక్కించు తీరునకు చెందినదని గ్రహింపవలెనా? రెండవదే సమంజసము.

ఒడిషా సంగతి చెప్పి ఈ తీసివేతలు చాలింపవచ్చును. ఆ రాష్ట్రపు అంకె 2018లో 760, 2022లో 568. 2024లో ఒడిషా ప్రభుత్వము స్వయముగా జరిపించిన అంచనాలో 696. ఇవి చిఱుతల జనన మరణముల పట్టికలు కావు.

అడుగుజాడల నుండి ఒంటి మచ్చల వఱకు

మన దేశమున ఈ విద్య అడుగుజాడలతో ఆరంభమైనది. 1966లో ఒడిషా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి ఒక పద్ధతిని రూపొందించెను. మెత్తని ధూళిలో పడిన పులి ఎడమ వెనుకకాలి ముద్రపై గాజుపలక నుంచి, దాని రూపును గీచికొని, పిదప కాగితమునకు ఎక్కింతురు. మనుష్యుల వ్రేలిముద్రల వలె ప్రతి పులి అడుగును వేఱుగా గుర్తింపవచ్చునని దాని మూలసూత్రము. 1972లో జరిగిన తొలి అఖిలభారత పులుల గణనమున 1,827 అను అంకె ఈ పద్ధతి వలన వచ్చినదే. పరికరములు లేని కాలమున అది సాహసమైన ఆలోచన. ఆ అంకె చూచియే దేశము మేల్కొని 1973లో పులుల సంరక్షణ ప్రణాళికను ఆరంభించినది. ఆ మేలును మఱువరాదు.

లోపము ఎచ్చట నున్నది? ఒకే కాలు దుమ్ములో ఒక తీరున, బురదలో మఱొక తీరున, ఇసుకలో వేఱొక తీరున ముద్ర వేయును. నడకలో ఒక తీరు, పరుగులో ఒక తీరు. గీయు చేయి మాఱినచో గీత మాఱును. అన్నిటికి మించి, రాతినేలపై ముద్రయే పడదు. వికారాబాదు జిల్లా తాండూరు మండలములోని కరణ్‌కోట పరిసరములను ఒకసారి తలచుకొన్నచో ఈ మాట బోధపడును. అచ్చటి నేల క్రింద సున్నపురాయి పొరలు పొరలుగా పఱచుకొని యున్నది. భారత సిమెంటు సంస్థ కర్మాగారమును అచ్చట నెలకొల్పుటకు ఆ రాయియే కారణము. ఆ ప్రాంతపు నాపబండలు తాండూరు రాయి యను పేర దేశమంతట ఇండ్లలో పఱువబడినవి. అట్టి బండనేల మీదుగా చిఱుత నడచిపోయినచో గాజుపలక చేతబట్టిన ఉద్యోగి ఏమి గీయగలడు? ముద్ర పడని చోట జంతువు లేదని వ్రాయుటయు, ముద్ర చక్కగా పడు బాటపై ఒకే జంతువును రెండుగా వ్రాయుటయు రెండును సంభవమే. పైగా ఈ పద్ధతిలో వచ్చిన అంకెకు అవధి లేదు. దోషమెంతయో చెప్పని కొలత కొలత కాదు.

ఉల్లాస్ కారంత్ మొదలగు శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన విమర్శయు ఇదియే. దాని నిజము రెండేండ్లలోనే బయటపడినది. రాజస్థానములోని సరిస్కా అభయారణ్యమున 2004లో పదునాఱుకు తక్కువ కాకుండ పులులున్నట్లు అధికారుల లెక్క. 2005 మొదటి నెలలలో వెదకినప్పుడు ఒక్కటియు లేదు. వేటగాండ్రు చంపివేసిన జంతువులు కాగితముపై మాత్రము తిరుగుచుండెను. ఆ అపకీర్తి వలననే 2006 నుండి కెమెరాల పద్ధతి దేశమంతటికి వచ్చినది. 2001–02లో అడుగుజాడల వలన 3,642 అని వచ్చిన పులుల అంకె 2006లో 1,411 అయినది. ఇచ్చటను తీసివేత చేసి 2,231 పులులు ఆ నడుమ చచ్చినవనుట పొరపాటు. కొన్ని చచ్చినవి నిజము. ఎన్ని యనుట మాత్రము ఆ రెండంకెల వలన తేలదు, రెండు కొలబద్దలు వేఱు గనుక.

నేటి పద్ధతికి మూలమైన ఆలోచన చాల పాతది. డెన్మార్కున పీటర్సన్ చేపల విషయమున 19వ శతాబ్దాంతమునను, అమెరికాలో లింకన్ బాతుల విషయమున 1930లోను దానిని వాడిరి. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు దీనిని ఒక కుండతోను, గుప్పెడు కందులతోను తరగతిలో చేయించవచ్చును. తాండూరు కందులు 2022లో భౌగోళిక గుర్తింపు పొందినవి. ఆ సీమలో కందులకు కొఱతయా! కుండలో లెక్క తెలియని కందులు పోయవలెను. 60 గింజలు తీసి ఒక్కొక్కదానిపై సున్నపు చుక్క పెట్టి, ఆరిన పిమ్మట తిరిగి కుండలో వేసి బాగుగ కలుపవలెను. కన్నులు మూసికొని 50 గింజలు తీయవలెను. వానిలో చుక్కలున్నవి 6 అనుకొందము. తీసిన 50లో చుక్కల పాలు ఎంతయో, కుండ మొత్తములోను చుక్కల పాలు అంతయే యని భావించినచో, 60ని 50చే గుణించి 6చే భాగింపగా 500 వచ్చును. అదియే కుండలోని కందుల అంచనా.

ఇంతటితో ఆగిన పాఠము సగము పాఠమే. గింజలను తిరిగి కుండలో పోసి మఱియొక విద్యార్థిచే తీయింపవలెను. వానికి చుక్కల గింజలు 5 మాత్రమే వచ్చినచో అంచనా 600 అగును. మూడవ వానికి 7 వచ్చినచో సుమారు 429. కుండలో నుండి ఒక్క గింజయు పోలేదు, ఒక్క గింజయు చేఱలేదు. అయినను 600, 500, 429! రెండవ విద్యార్థి లెక్క 2018 దనియు, మొదటి విద్యార్థి లెక్క 2022 దనియు పత్రికలో ప్రకటించినచో నూఱు కందులు మాయమైనవని పెద్ద కలకలము రేగును. తెలంగాణపు 334, 297లను చదువుటకు ముందు ఈ కుండను తలచుకొనుట మేలు. ఇరువది మంది పిల్లలు ఇరువది సార్లు తీసి, వచ్చిన అంచనాలను నల్లబల్లపై గుర్తించినచో దోషావధి యన నేమో కన్నులకు కట్టును. సూత్రము పలుకుల కంటె అది ఎక్కువ నేర్పును.

చిఱుత విషయమున సున్నపు చుక్క పెట్టవలసిన పని లేదు. గులాబి రేకుల వలె గుంపులు కట్టిన దాని మచ్చలు ఏ రెండు జంతువులకును ఒక్క తీరుగా నుండవు. బాటకు ఇరువైపుల ఎదురెదురుగా రెండు కెమెరాలు పెట్టి, జంతువు నడచిపోవునప్పుడు రెండు ప్రక్కల చిత్రములు తీసి, మచ్చలను కంప్యూటరుతో పోల్చుదురు. మొదటిసారి చిక్కిన జంతువు మఱల ఎన్నిసార్లు, ఎచ్చటెచ్చట చిక్కినది చూచి, చదరపు కిలోమీటర్ల లెక్కన సాంద్రతను కట్టుదురు. ఇది సరియైన శాస్త్రము. 2018లో ఈ విధముగా విడివిడిగా గుర్తింపబడిన పెద్ద చిఱుతలు 5,240. మొత్తపు అంకె 12,852 కదా! మిగిలిన ఏడువేల పైచిలుకు జంతువులు ఎవరి కెమెరాకును చిక్కినవి కావు. కెమెరాలు లేని అడవులలో కాలినడకన చూచిన ఆనవాళ్ళు, అడవి తీరు, ఎఱ జంతువుల జాడ, మనుష్యుల సంచారము మొదలగు వానిని బట్టి, కెమెరాలున్న చోటి అనుభవముతో ఊహించి కట్టిన భాగమది. ఈ ఊహించు భాగమునే గోపాలస్వామి, కారంత్ మొదలగువారు 2015లో పులుల విషయమున తీవ్రముగా ప్రశ్నించిరి. ఆనవాళ్ళకును జంతువుల సంఖ్యకును గల సంబంధము ఒక చోట నున్నట్లు మఱొక చోట నుండదని వారి వాదము. దెహ్రాదూను శాస్త్రజ్ఞులు దానిని అంగీకరింపలేదు. ఈ వివాదము గుఱించి పాఠశాలలకు తెలియుట మంచిదే గాని చెడుగు కాదు.

లెక్కకు అందని నేల

నివేదిక తన హద్దును తానే చెప్పుకొన్నది. చిఱుతలు ఉండదగిన తావులలో నూటికి 70 పాళ్ళు మాత్రమే అది చూచినది. పులులు తిరుగు రాష్ట్రములలోని అడవులు దాని క్షేత్రము. పొలములు, ముళ్ళపొదల బీళ్ళు, మెట్టసీమలు, హిమాలయముల ఎత్తైన భాగములు దానికి వెలుపల నున్నవి. కరణ్‌కోట చుట్టు నున్న నేల అట్టిదే: నల్లరేగడిలో కంది చేలు, వాని నడుమ రాయి తీసి విడిచిన గోతులు, గోతుల అంచున తుమ్మపొదలు. తూర్పున వికారాబాదు దాపున మూసీనది పుట్టు అనంతగిరి కొండల అడవి. వాయవ్యమున రాష్ట్రపు సరిహద్దు దాటినంతనే కర్ణాటకములోని చించోళి అభయారణ్యము. రెండు అడవుల నడుమ నున్న ఈ మెట్టసీమలో చిఱుత ఒకటి తిరిగినను, అది 297లో చేఱదు.

చిఱుత అడవిలోనే ఉండునను భావము తప్పని హైదరాబాదు నగరమే చూపినది. 2020 మే నెలలో కాటేదాను దాపున నడిరోడ్డుపై ఒక చిఱుత పరుండి యుండుట ఎల్లరెఱిగినదే. ఇంకను స్పష్టమైన నిదర్శనము మహారాష్ట్రలోని అకోలె లోయలో కలదు. విద్యా ఆత్రేయ మొదలగువారు చెఱకు తోటలు, ఊళ్ళు తప్ప అడవి లేని ఆ లోయలో కెమెరాలు పెట్టి, నూఱు చదరపు కిలోమీటర్లకు 4.8 చిఱుతలున్నట్లు 2013లో ప్రకటించిరి. చదరపు కిలోమీటరునకు మూడువందలకు మించి మనుష్యులున్న తావు అది. పేరుపొందిన కొన్ని అభయారణ్యముల సాంద్రతకు ఇది తీసిపోదు. అవి తినుచున్న దేమి? పెంటికలను పరీక్షింపగా ఆహారపు బరువులో నూటికి 87 పాళ్ళు పెంపుడు జంతువులు. కుక్కలే 39 పాళ్ళు. జింకలు లేని దేశమున చిఱుతలు సుఖముగా బ్రదుకుచున్నవన్న మాట. ఇక చిఱుతల అంకె చూచి జింకల గతి చెప్పుట ఎట్లు?

కూగరు నేర్పిన పాఠము

ఈ ప్రశ్నపై అమెరికాలో నూఱేండ్లుగా వాదము జరుగుచున్నది. అచ్చటి చిఱుత వంటి జంతువు కూగరు. ప్యూమా యనియు, కొండసింహమనియు పిలుతురు. పెరిగిన కూగరు ఒంటిపై మచ్చలు లేవు. లేత గోధుమవన్నె ఒక్కటే. కావున చిత్రము చూచి ఇది అది యని గుర్తించుట చాల కష్టము. చిఱుతను లెక్కించువాడు ఆ మేరకు అదృష్టవంతుడు.

జీవశాస్త్ర గ్రంథములలో పలుమాఱు కనుపించు కైబాబ్ కథ కూగరు కథయే. అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ ఉత్తరమున నున్న కైబాబ్ పీఠభూమిని 1906లో జింకలకై సంరక్షిత స్థలము చేసిరి. కూగర్లను, తోడేళ్ళను, కొయోటులను వందలు వేలుగా చంపిరి. అంతకు మునుపు 4,000 మాత్రమున్న జింకలు 1924 నాటికి లక్ష అయినవనియు, మేత చాలక శీతకాలములో కుప్పలుగా చచ్చినవనియు కథ. ఆల్డో లియోపోల్డు 1943లో దీనిని గీత రూపమున ప్రకటించెను. ఆ గీత పాఠ్యపుస్తకముల కెక్కినది. భక్షకములు తగ్గినచో జింకలు పెరుగునని చెప్పుటకు అంతకంటె చక్కని ఉదాహరణ ఏది?

1970లో గ్రేం కాగ్లీ యను శాస్త్రజ్ఞుడు ఆ గీత మూలములను వెదకెను. 1924వ సంవత్సరమునకే జింకల అంచనాలు 30,000 నుండి 1,00,000 వఱకు ఉన్నవి. గీత గీచినవారు పెద్ద అంకెను గ్రహించిరి. అదే కాలమున ఆ పీఠభూమిపై గొఱ్ఱెలను, పశువులను చాల తగ్గించిరి. గడ్డి మిగిలినది కావున జింకలు పెరిగియుండవచ్చును. కూగర్ల మాటకు ఋజువేది? ఈ విమర్శతో కైబాబ్ కథ అనేక గ్రంథముల నుండి తొలగింపబడినది. కాని కథ అంతటితో ముగియలేదు. 2006లో బింక్లీ మొదలగువారు ఆ పీఠభూమిపై ఆస్పెన్ చెట్ల వయస్సులను లెక్కింపగా, 1920 ప్రాంతమున మొలచి పెరుగవలసిన చెట్లు మిక్కిలి అరుదుగా నున్నవి. లేత మొక్కలను జింకలు మేసివేసినవని దాని వలన తేలును. అంకె తప్పైనను లియోపోల్డు భావమున సత్యము కొంత కలదన్న మాట. జింకల గణన చేయలేని పనిని చెట్టు వలయములు చేసినవి.

మారిస్ హార్నాకర్ 1964లో ఐడహో కొండలలో వేఱొక మార్గము త్రొక్కెను. శీతకాలమున మంచులో కుక్కల సాయముతో కూగర్లను చెట్టెక్కించి, మత్తుమందిచ్చి, గుర్తులు కట్టి విడిచెను. అనగా మన కందుల పద్ధతియే. గుర్తు పెట్టిన జంతువులను ఏండ్ల తరబడి మఱల మఱల పట్టి చూడగా, పెద్ద కూగర్లు ఎవరి నేల వారు ఏర్పఱచుకొని యుండుట వలన వాని సంఖ్య పెరుగలేదు. అచ్చటి జింకల, ఎల్కుల సంఖ్య మాత్రము పెరిగినది. ఆ కొండలలో జింకలను అదుపులో నుంచునది కూగరు కాదు, శీతకాలపు మేత యని 1970లో ప్రకటించెను. ఇది ఐడహో మాట. కైబాబ్ మాట వేఱు కావచ్చును. ఒక చోటి ఫలితమును మఱొక చోటికి బండెక్కించి తెచ్చుటయే ఈ శాస్త్రమున పెద్ద దోషము.

మన దేశమున కారంత్ మొదలగువారు 2004లో పులులను గూర్చి చూపినది కూడ ఈ దిక్కునకే చూపు సారించును. ఒక పులి ఏటికి సుమారు 50 పెద్ద జంతువులను చంపును. మందలో నూటికి పది పాళ్ళు పులుల పాలగునని భావించినచో ఒక పులికి 500 గిట్టల జంతువులు కావలెను. వివిధారణ్యములలో గిట్టల జంతువుల సాంద్రతను కొలిచి, దానిని బట్టి పులుల సాంద్రతను ముందుగా చెప్పగా, చాల వఱకు సరిపోయినది. అనగా కారణము క్రింది నుండి పైకి పోవుచున్నది: మంద ఉన్నచో పులి యుండును. మన పాఠములలోని ఆహారశృంఖల మాత్రము పులి తగ్గిన జింక పెరుగును, జింక పెరిగిన గడ్డి తగ్గును అని పైనుండి క్రిందికే చెప్పును. ఒక దిక్కున మాత్రమే త్రిప్పదగిన గిలకగా దానిని చూపుట పాఠ్యపుస్తకపు లోపము.

జింక యను మాటయు ఇచ్చట ఒక చిక్కే. తెలుగున దుప్పిని జింక యందురు, చేలలో పడు కృష్ణజింకను జింక యందురు, ఒక్కొక్కప్పుడు కణితిని కూడ ఆ పేరనే పిలుతురు. దుప్పి, కణితి అడవి జంతువులు. కొమ్ములు రాల్చి మఱల మొలిపించు నిజమైన జింకలు. కృష్ణజింక బయళ్ళలో తిరుగు వేఱు కుటుంబపు జంతువు. దాని కొమ్ము రాలదు. మరుగు చూచి పొంచి పట్టు చిఱుతకు దుప్పి దొరకినంత సులభముగా బయళ్ళలో పరుగెత్తు కృష్ణజింక దొరకదు. ‘జింకలు పెరిగినవి’ అని వ్రాయువారు ఏ జింక యని ముందుగా తెలుపవలెను.

అడవిలో ఈ మందలను కొలుచుటకు మంచి పద్ధతి లేకపోలేదు. ముందుగా నిర్ణయించిన తిన్నని బాటలపై తెల్లవారుజామున నడచుచు, కనబడిన మందలో జంతువులెన్ని, బాటకు ఎంత దూరమున ఏ కోణమున నున్నవి వ్రాసికొని, దూరము పెరిగిన కొలది కంటికి తప్పిపోవు వానిని గణితముతో పూరింతురు. నల్లమలలో ఏ చిఱుతల అంకెను ప్రకటించినను, అదే ఋతువున అదే బాటలపై కొలిచిన దుప్పుల, కణుతుల, అడవిపందుల సాంద్రతను దాని ప్రక్కనే అదే పట్టికలో ముద్రించినచో, చిఱుతలు మందలపై నెంత బరువు మోపుచున్నవో పది పండ్రెండేండ్లకైన తెలియవచ్చును. 2024 నాటి ప్రకటనలో ఆ పొందిక లేదు. రాష్ట్రపు అంకె ఎన్నడును అవధి లేకుండ వెలువడరాదు. రెండు మాఱులు చూచిన నేల అంకె వేఱుగను, క్రొత్తగా చూచిన నేల అంకె వేఱుగను ఇయ్యవలెను. ఈ రెండును ఖర్చు లేని సవరణలు.

మెట్టసీమకు మాత్రము దుప్పుల బాటలు పనికిరావు. కరణ్‌కోట వంటి చోట చిఱుతను పోషింపగలది మేక, గొఱ్ఱె, ఊరకుక్క. కంది చేను ఏపుగా ఎదిగినప్పుడు మరుగిచ్చును గాని, చెఱకు తోట వలె ఏడాది పొడవున నిలువదు. కావున అకోలె లెక్కను తెచ్చి ఇచ్చట అతికించుటయు తగదు. అయితే ఆ సీమ విషయమున మొదటి అంకెలు ఇప్పటికే సిద్ధముగ నున్నవి. దేశమున అయిదేండ్ల కొకమాఱు జరుపదలచిన పశుగణనలో మేకలు, గొఱ్ఱెలతో పాటు కుక్కలను కూడ లెక్కింతురు. 2019లో జరిగినది ఇరువదియవది. ఆ పట్టికలను అటవీ శాఖ వద్ద నుండు పశునష్టపు దరఖాస్తుల తేదీలతోను గ్రామములతోను కలిపి చూచుటకు క్రొత్త కెమెరా ఒక్కటియు కొననక్కఱలేదు.